నలభైకి దగ్గర్లో పిల్లల కోసం: కావలి నుంచి పొగతోట దాకా నా అనుభవం

మాది కావలి. నేను గవర్నమెంటు ప్రైమరీ స్కూల్లో టీచర్ని. మా ఆయనకు అల్లూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. నాన్న పోయాక చెల్లెళ్లిద్దరి చదువులూ పెళ్లిళ్లూ నా జీతం మీదే నడిచాయి కాబట్టి నా పెళ్లి ఆలస్యమైంది. 2021లో కరోనా రెండో వేవ్ కాస్త తగ్గాక, ఇంటి ముందు పందిట్లో కొద్దిమంది మధ్య జరిగింది. అప్పటికి నాకు ముప్పై ఆరు, ఆయనకు నలభై ఒకటి. ఈ వయసులో పిల్లల కోసం ఆసుపత్రి మెట్లెక్కితే ఏమేం జరుగుతుందో, ఎక్కడెక్కడ ఆగాల్సి వస్తుందో, ఎంత ఖర్చవుతుందో మాకు చెప్పినవాళ్లు లేరు. మా స్టాఫ్‌రూములోనే ఇదే బాధలో ఉన్నవాళ్లు ఉన్నారు. కూర్చుంటే చీరల గురించి, పీఆర్సీ గురించి మాట్లాడుకుంటాం గానీ దీని గురించి ఎవరమూ నోరు విప్పం. అందుకే రాస్తున్నాను.

పెళ్లయిన ఏడాదికి దగ్గర్లో ఉన్న ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాం. అండం విడుదలవడానికని నెలనెలా మాత్రలు రాసేవారు. మళ్లీ బయట చేరానని చెబితే మళ్లీ అవే మాత్రలు. రక్తపరీక్ష అంటే థైరాయిడ్ ఒక్కటే. మా ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "టెన్షన్ పెట్టుకోవద్దమ్మా, టైమొస్తే అదే నిలుస్తుంది" అనేవారు. అలా 2023 వేసవి వచ్చేసింది. నాకు ముప్పై ఎనిమిది నిండాయి.

ఆ జూన్‌లో బడులు తెరిచిన వారమే నెల్లూరు వెళ్లాం. మా వైపు ఏ జబ్బుకైనా చివరికి చేరేది అక్కడ ఆసుపత్రులన్నీ ఉండే పొగతోటకే. పొద్దున ఎనిమిదికి టోకెన్ తీసుకుంటే లోపలికి పిలిచేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరమ్మ ముందు ఇద్దరి వయసులూ అడిగారు, తర్వాత ఎన్నాళ్లుగా ప్రయత్నిస్తున్నారని అడిగారు. "ముప్పై ఐదు దాటినవాళ్లు ఆరు నెలలు చూసి వచ్చేయాలమ్మా, నలభై దాటితే అంత కూడా ఆగకూడదు" అన్నారు. ఒకే చీటీ మీద ఇద్దరికీ పరీక్షలు రాశారు. నాకు ఆ చీటీ చూశాకే ఒక దారిన పడ్డామనిపించింది. మీరు వెళ్లిన చోట మొదటి రోజే భర్తకు కూడా పరీక్ష రాయకపోతే, మీరే అడగండి. మన వయసులో నెలలే ఆస్తి.

అండాలు ఎన్ని మిగిలాయో చెప్పే ఏఎంహెచ్ రక్తపరీక్షకు నెలసరితో పని లేదు, ఏ రోజైనా రక్తం ఇవ్వచ్చు. మాకు పద్దెనిమిది వందలు తీసుకున్నారు. అండాశయం పనితీరు చూపే ఇంకో హార్మోను పరీక్ష, ఎఫ్ఎస్‌హెచ్‌కు మాత్రం నెలసరి రెండో రోజో మూడో రోజో వెళ్లాలి. అదే రోజు లోపలి నుంచి స్కాన్ చేసి, అండాశయాల్లో చిన్న ఫాలికల్స్, అంటే అండాలుండే సంచులు, ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెడతారు. నెలసరిలో ఉండగా ఆ స్కానేంటని నేను సిగ్గుతో ముడుచుకుపోయాను. సిస్టర్ దుప్పటి కప్పి, "అందరికీ ఇంతేనమ్మా, మేం రోజూ చూసేదే" అంది.

రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. బళ్లో మధ్యాహ్న భోజనం జరుగుతోంది, నేను పిల్లలకు కోడిగుడ్లు వడ్డించే చోట నిలబడి ఉన్నాను. ఏఎంహెచ్ 0.74. పక్కన నార్మల్ ఎంతో రాసి ఉంటుంది కదా, నాది దానికి చాలా కింద ఉంది. ఫోన్ లోపల పెట్టేసి వడ్డించడం పూర్తిచేశాను. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

తర్వాతి వారం డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. ఆడపిల్ల పుట్టేటప్పుడే పది ఇరవై లక్షల అండాలతో పుడుతుందట, పెద్దమనిషయ్యే నాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయట. ఆ తర్వాత తగ్గడమే తప్ప కొత్తగా ఒక్కటి కూడా తయారు కాదు. ముప్పై ఏడు దాటాక తగ్గుదల ఇంకా జోరందుకుంటుంది. "ఎన్ని మిగిలాయో ఏఎంహెచ్ చెబుతుంది. ఎలాంటివి మిగిలాయో చెప్పేది నీ వయసే" అన్నారు. దాన్ని పెంచే మాత్రలు ఉన్నాయా అని అడిగాను. పెరగదని సూటిగా చెప్పేశారు. పెంచుతామని పొడులూ కషాయాలూ అమ్మేవాళ్లు నాకు ఆ తర్వాత చాలామంది తగిలారు. ఆ మాట గుర్తుండబట్టి డబ్బులు మిగిలాయి.

ఇక మా ఆయన పరీక్ష. ఆయన చెడ్డవారు కాదు, కానీ ఆ చీటీ చొక్కా జేబులో మూడు వారాలు నలిగింది. ఇవాళ గుంటలో మేత, రేపు నెట్టు, ఎల్లుండి కరెంటోళ్లు అంటూ దాటేశారు. మా అత్తయ్య "మగోడికి పరీక్షేంది?" అని అడ్డుపడింది. చివరికి ఒక రాత్రి నేను ఏమీ అనకుండా నా ఏఎంహెచ్ రిపోర్టు ఆయన చేతిలో పెట్టాను. మర్నాడు బండి తీశారు. రెండు రోజుల నుంచి ఏడు రోజుల దాకా భార్యాభర్తలు దూరంగా ఉండి శాంపిల్ ఇవ్వాలి. ఇంటి దగ్గర తీసి పట్టుకెళ్లొచ్చు గానీ గంట లోపు ల్యాబ్‌కు చేరాలి. కావలి నుంచి పొగతోటకు గంట పైనే పడుతుంది కాబట్టి అక్కడే ఇవ్వాలి. ఆ గది మందుల షాపు వెనకాల ఉంది, గడియ సరిగ్గా పడదు, బయట జనం మాటలు వినపడుతుంటాయి. ఆయన బయటికొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు నాకు ఆయన మీద ఉన్న కోపమంతా పోయింది.

వీర్యకణాల కౌంట్ ఫరవాలేదు, కదలిక తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కనీసం 42 శాతం కదలాలి, ఈయనకు 24. ఖైనీ పూర్తిగా మానేయమన్నారు, మరీ వేడినీళ్ల స్నానం వద్దన్నారు, పొత్తికడుపు కింద నరాల వాపేమైనా ఉందేమోనని స్కాన్ చేశారు. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మూడు నెలల తర్వాతే మళ్లీ పరీక్ష అన్నారు. ఇరవయ్యేళ్లుగా పెదవి కింద పెట్టుకునే ఖైనీని ఆయన ఆ రోజు బస్టాండులో చెత్తడబ్బాలో వేశారు. మళ్లీ ముట్టలేదు. అక్టోబరులో కదలిక 37 వచ్చింది.

ఆ మూడు నెలల్లో నాకు అండం గర్భసంచికి చేరే ట్యూబుల ఎక్స్‌రే అయింది, హెచ్ఎస్‌జీ అంటారు. నెలసరి ఆగాక, పదో రోజు లోపు చేస్తారు. "కొంచెం నొప్పి" అంటారు కానీ కొంచెం కాదు, కొన్ని నిమిషాలు పొత్తికడుపు మెలిపెట్టినట్టుంటుంది. గంట ముందు నొప్పి మాత్ర వేసుకోండి, తోడుగా ఎవరినైనా తీసుకెళ్లండి, బస్సులో ఒంటరిగా తిరిగి రాకండి. మూడున్నర వేలు. ట్యూబులు తెరిచే ఉన్నాయి.

ఆ చలికాలమంతా ఐయూఐలు. శుభ్రం చేసిన వీర్యాన్ని సన్నటి గొట్టంతో గర్భసంచిలోకి పంపుతారు, నొప్పేమీ ఉండదు. కష్టమంతా దానికి ముందు రోజు విడిచి రోజు చేసే ఫాలికల్ స్కాన్లతోనే. తొమ్మిది లోపు బళ్లో ఫేస్ అటెండెన్స్ పడాలి, పదకొండుకు నెల్లూరులో స్కాన్. సీఎల్‌లు అలా కరిగిపోయాయి. మా హెడ్మాస్టరుకు ఒక రోజు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన తల దించుకుని, "మా అమ్మాయికీ ఇదేనమ్మా, మీరు పోయిరండి" అన్నారు. అంతవరకూ ఆయనతో పాఠాల గురించి తప్ప మాట్లాడిందే లేదు. ఒక్కోసారికి తొమ్మిది పది వేలయ్యాయి, ఒక్కటీ నిలవలేదు. నా వయసుకు ఇంకా ఇదే చేస్తూ కూర్చోవడం దండగని డాక్టరమ్మే ఆపేశారు. ఆ మాట ఆమె నోటి నుంచి రావడం నాకు నచ్చింది. డబ్బులొస్తాయి కదా అని ఇంకో ఆరు నెలలు తిప్పుకోవచ్చు, ఆమె తిప్పలేదు.

2024 మార్చిలో ఐవీఎఫ్ అని నిశ్చయించుకున్నాం, అంటే అండాలను బయటికి తీసి ల్యాబ్‌లో పిండం చేసి గర్భసంచిలో పెట్టడం. ఏప్రిల్‌లో మొదలుపెడదామంటే ఎన్నికల డ్యూటీ పడింది. ట్రైనింగులు, మే 13న పోలింగు. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక ఒక్క రోజు కూడా తప్పకూడదు కాబట్టి పోలింగయ్యాక వచ్చిన నెలసరి దాకా ఆగాం.

ఈ లోపు కాగితాల పని ఉందని తెలిసింది. 2022 జనవరి నుంచి దేశమంతా అమలవుతున్న ఏఆర్‌టీ (ఇలాంటి సంతాన చికిత్సల) చట్టం ప్రకారం ఐవీఎఫ్ చేసే ఆసుపత్రికి రిజిస్ట్రేషన్ ఉండాలి, భార్య వయసు 50, భర్త వయసు 55 దాటకూడదు. ఇద్దరి ఆధార్‌తో పాటు మా ఆసుపత్రిలో పెళ్లి సర్టిఫికెట్ అడిగారు. కరోనాలో చేసుకున్న పెళ్లికి మేం రిజిస్ట్రేషనే చేయించలేదు. శుభలేఖ, పెళ్లి ఫొటో, సాక్షులను వెంటబెట్టుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు తిరిగి తెచ్చుకున్నాం. మీకూ లేకపోతే ఇప్పుడే చేయించి పెట్టుకోండి, చివర్లో ఆ పరుగు చాలా విసిగిస్తుంది.

డబ్బు సంగతి. ప్యాకేజీ లక్షా ఇరవై అన్నారు. ఇంజెక్షన్లు అందులో లేవు. నా అండాశయాలు తొందరగా స్పందించవు కాబట్టి డోసు ఎక్కువ పట్టింది, ఒక్క ఇంజెక్షన్లకే డెబ్బై రెండు వేలైంది. మత్తు డాక్టరు ఫీజు వేరు, పిండాలను ఫ్రీజ్ చేస్తే వేరు, తర్వాత గర్భసంచిలో పెట్టేటప్పుడు మళ్లీ వేరు. ప్యాకేజీలో ఏముంది అని కాకుండా, ఏమేం లేవు అని అడిగి రాయించుకోండి. నా హెల్త్ కార్డు దీనికి పనికిరాదన్నారు. మా ఆయన ప్రైవేటు పాలసీ కాగితాలు తిరగేస్తే సంతానలేమి చికిత్సకు వర్తించదని స్పష్టంగా ఉంది. ప్రభుత్వోద్యోగుల బీమా ఏపీజీఎల్ఐ మీద లోను పెట్టాను, గాజులు బ్యాంకులో పెట్టాం.

ఇంజెక్షన్లు ఫ్రిజ్‌లో, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలాఖరు, నెల్లూరు ఎండలు, మా వీధిలో కరెంటు కోతలు. మా ఆయన రొయ్యలు పంపే థర్మోకోల్ పెట్టె ఒకటి కడిగి, అడుగున ఐసు, దాని మీద మందపాటి తువ్వాలు, తువ్వాలు మీద స్టీలు డబ్బాలో ఇంజెక్షన్లు పెట్టారు. ఐసు నేరుగా తగిలితే మందు గడ్డకట్టి పాడైపోతుంది, అందుకే తువ్వాలు. ఆ పెట్టెలో థర్మామీటరు కూడా వేలాడదీశారు, గుంటలో నీళ్లు చూసే థర్మామీటరే. రోజూ సాయంత్రం ఏడింటికి పెన్ను లాంటి సూదిని డయల్ తిప్పి, బొడ్డు పక్కన రెండు వేళ్ల దూరంలో నేనే పొడుచుకునేదాన్ని. మొదటి రోజు చెయ్యి వణికింది. మూడో రోజుకు అలవాటైపోయింది. పొట్ట ఉబ్బుతుంది, కారణం లేకుండా ఏడుపొస్తుంది. అది మందుల వల్లేనని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పుకోండి.

చివరి ఇంజెక్షన్ రాత్రి పదిన్నరకు, నిమిషం అటూ ఇటూ కాకుండా వేసుకోమన్నారు. అక్కణ్నుంచి ముప్పై ఐదు ముప్పై ఆరు గంటలకు అండాలు తీస్తారు. ఆలస్యమైతే అవే విడుదలైపోతాయి. ఇద్దరం మూడు అలారాలు పెట్టుకుని కూర్చున్నాం.

అండాలు తీసే రోజు పరగడుపున వెళ్లాలి. ఒంటి మీద బంగారమంతా తీయమన్నారు. గొలుసు తీసిచ్చాను గానీ పసుపుతాడు దగ్గర ఆగిపోయాను. సిస్టర్ నా మొహం చూసి, "అది ఉండనీలేమ్మా" అని ప్లాస్టరు వేసి భుజానికి అంటించింది. ఇరవై నిమిషాల మత్తు. లేచేసరికి చేతి మీద పెన్నుతో '5' అని రాసి ఉంది. ఐదు అండాలన్నమాట.

ఆ తర్వాత రోజులు ఎలా గడుస్తాయో నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. రోజుకో ఫోన్ వస్తుంది, రోజుకో అంకె తగ్గుతుంది. ఐదింట్లో పక్వానికి వచ్చినవి నాలుగు. వాటిలో ఫలదీకరణం చెందినవి మూడు. మూడో రోజుకు రెండే సరిగ్గా పెరుగుతున్నాయి. ఐదో రోజుకు మిగిలింది ఒక్కటి. ల్యాబ్ నంబర్ ఫోన్‌లో వెలిగితే నా గుండె ఆగిపోయేది. మన వయసులో ఈ తగ్గుదల మామూలేనని ముందే తెలిసి ఉంటే ఒక్కొక్క ఫోన్‌కూ అంతలా కుంగిపోయేదాన్ని కాదు. ఆ ఒక్క పిండాన్ని ఫ్రీజ్ చేశారు. ఒళ్లు కుదుటపడ్డాక ఆగస్టులో పెడదామన్నారు.

మధ్యలో జులై 17న నెల్లూరులో రొట్టెల పండుగ మొదలైంది. కోరిక ఉన్నవాళ్లు రొట్టె అడిగి పుచ్చుకుంటారు, అది తీరినవాళ్లు వచ్చి రొట్టె ఇస్తారు. మా అమ్మ పట్టుబట్టి నన్ను బారాషహీద్ దర్గాకు తీసుకెళ్లింది. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి "సంతాన రొట్టె, సంతాన రొట్టె" అని నేనే గట్టిగా అడగాలి. ఇరవై మంది పిల్లలకు పాఠం చెప్పే గొంతు ఆ రోజు పెగల్లేదు. చంకలో పాపతో ఒకామె నా పెదాల కదలిక చూసి తనే దగ్గరికొచ్చింది. పోయినేడాది ఇక్కడే ఇలాగే నిలబడ్డానంది. కొంగు పట్టమని రొట్టె వేసింది. అది నిజమా నమ్మకమా అన్న ఆలోచనే నాకు రాలేదు. ఇన్ని నెలల్లో మొదటిసారి, నా లాంటి వందల మంది ఆడవాళ్లు తమ బాధను నలుగురిలో పైకి చెప్పుకుంటుంటే చూశాను. అదే నాకు పెద్ద ఊరట.

ఆగస్టులో పిండాన్ని పెట్టారు. మత్తు అక్కర్లేదు, కానీ పైనుంచి స్కాన్‌లో కనిపించాలి కాబట్టి మూత్రం నిండుగా ఉంచుకోవాలి. డాక్టరమ్మ వేరే కాన్పులో ఇరుక్కుని ఆలస్యమయ్యారు, ఆ గంట పట్టిన నరకం చెప్పలేను. నీళ్లు ఎప్పుడు తాగాలో అక్కడికి వెళ్లాకే అడిగి తాగండి. మంచం దిగొద్దని అత్తయ్య, అమ్మ ఇద్దరూ కాపలా కాశారు. డాక్టరమ్మ మాత్రం నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, పడుకుని ఉన్నంత మాత్రాన ఎక్కువ నిలుస్తుందని ఎక్కడా తేలలేదు అన్నారు. రెండు వారాలకు గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా రక్తపరీక్ష. నెగెటివ్.

ఆ నెలలోనే ఆడపడుచు కూతురి శ్రీమంతం. వెళ్లాను. గాజులు తొడిగే వరుసలో నన్ను ఎవరూ పిలవలేదు. పెద్దావిడ ఒకామె, "ఇంత ఖర్చు పెట్టేది మగబిడ్డనే పెట్టించుకోవచ్చు కదంటమ్మా" అని సలహా ఇచ్చింది. లింగ నిర్ధారణ 1994 చట్టం నాటి నుంచీ నేరమేననీ, ఐవీఎఫ్‌లో కూడా అది కుదరదనీ ఆమెకు చెప్పే ఓపిక ఆ రోజు నాకు లేదు. ఇక్కడ రాస్తున్నాను, మీరు చెప్పండి.

2025 సంక్రాంతి సెలవుల్లో మళ్లీ ఇంజెక్షన్లు. డోసు పెంచారు, పద్ధతి మార్చారు. మూడే అండాలు వచ్చాయి. ఐదో రోజు ల్యాబ్ నుంచి వచ్చిన ఫోన్ మా ఆయన ఎత్తారు. ఆయన "సరేనండీ" అన్న తీరులోనే నాకు అర్థమైంది. పెట్టడానికి ఒక్కటీ మిగల్లేదు. నాకు ముప్పై తొమ్మిది దాటి నలభై నడుస్తోంది.

ఫిబ్రవరిలో డాక్టరమ్మ దాత అండం మాట ఎత్తారు. నేను లేచి బయటికి వచ్చేశాను. ఇంకొకరి అండంతో పుడితే నాకేమవుతుంది ఆ బిడ్డ? నాన్న ముక్కు, మా చెల్లెళ్ల నవ్వు, ఇవేవీ రావు కదా. వారాల తరబడి ఇదే తొలిచింది. మా చిన్న చెల్లెలికి విషయం చెబితే, "అక్కా, నావి తీసుకో" అంది మరుమాట లేకుండా. నువ్వు చదివించినందుకు కాదు, నీ బిడ్డలో మన రక్తం ఉంటుందని అంది. ఇద్దరం ఏడ్చాం. కానీ చట్టం ఒప్పుకోదు. దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, మా చెల్లెలికి ముప్పై ఏడు. పైగా దాతలను చూపించేది రిజిస్టరైన ఏఆర్‌టీ బ్యాంకు ఒక్కటే. ఒకామె జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు, అవి ఒక్క జంటకే ఇవ్వాలి. దాతకు బిడ్డ మీద ఏ హక్కూ ఉండదు, చట్టం దృష్టిలో తల్లిదండ్రులం మేమే.

ఆసుపత్రిలో కౌన్సెలింగ్‌కు కూర్చోబెట్టారు. ఆ కౌన్సెలర్ అమ్మాయి నాకు నచ్చజెప్పే పని పెట్టుకోలేదు. "మీ అండంతో ఇక బిడ్డ రాకపోవచ్చన్న దుఃఖం వేరు, దాత అండం వద్దనుకోవడం వేరు. మొదటి దానికి టైం ఇవ్వండి" అంది. అప్పుడు తెలిసింది, నేను ఏడుస్తున్నది దేనికోసమో. మా ఆయన ఒక్క మాటే అన్నారు: "పిల్లల్లేకపోయినా నాకు నువ్వు చాలు. కావాలంటే ఇదీ చేద్దాం. ఏదైనా నీ నోటి నుంచే రావాలి." ఉగాది తర్వాత నేనే సరేనన్నాను.

ఏప్రిల్‌లో అమెరికా సుంకాల వార్తతో రొయ్యల రేట్లు పడిపోయాయి. సరిగ్గా ఆ వారమే ఏఆర్‌టీ బ్యాంకుకూ ఆసుపత్రికీ అడ్వాన్సు కట్టాలి. దాతకు ఇన్సూరెన్సు కూడా మేమే చేయించాలి. మొత్తం మూడు లక్షల ఇరవై వేలు. గుంటలో పట్టుబడి ముందే చేసి, వచ్చిన రేటుకు అమ్మేసి కట్టారు. మొదటి నుంచీ లెక్క వేస్తే తొమ్మిది లక్షలు దాటింది.

నా బ్లడ్ గ్రూపు, రంగు, ఎత్తు చూసి సరిపోయే దాతను కుదర్చడానికి కొన్ని వారాలు పట్టింది. ఆమె పేరు మాకు చెప్పరు, మా పేరు ఆమెకు చెప్పరు. వయసు ఇరవై ఆరు, ఆరోగ్యం బాగుందని మాత్రం చెప్పారు. మే నెలలో ఆమె అండాలూ, మా ఆయన వీర్యమూ కలిపి చేస్తే ఐదో రోజుకు మూడు పిండాలు నిలిచాయి. గర్భసంచి పొర మందం కోసం నాకు మాత్రలిచ్చి, ఎనిమిది మిల్లీమీటర్లు దాటాక మే చివరి వారంలో ఒకటి పెట్టారు. రెండు ఫ్రీజ్ చేశారు.

అక్కణ్నుంచి రోజూ గర్భాన్ని నిలబెట్టే హార్మోను ప్రొజెస్టిరాన్ ఇంజెక్షన్, పిరుదుకు. నూనె మందు కాబట్టి గడ్డలు కట్టి కూర్చోనివ్వదు. మా వీధిలో రిటైరైన నర్సమ్మ ఒకామె రోజూ వచ్చి వేసేది, వేశాక కాసేపు చేత్తో రుద్ది, వేడి బట్టతో కాపడం పెట్టేది. మూడో నెల దాకా సాగింది. ఆమె రూపాయి తీసుకోలేదు.

జూన్ 10న బీటా ఇచ్చాను. 612. రెండు రోజులకు రెట్టింపవ్వాలి. బడులు తెరిచిన రోజు మళ్లీ ఇచ్చాను, 1,340. నెలాఖరు స్కాన్‌లో గుండె కొట్టుకోవడం వినిపించారు. మా ఆయన గోడకు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. జులైలో రొట్టెల పండుగకు జనంలోకి నన్ను వెళ్లొద్దన్నారు డాక్టరమ్మ. ఆయనే రొట్టెలు కట్టించుకుని వెళ్లి, అడిగినవాళ్లకు ఇచ్చి వచ్చారు.

దాత అండం సంగతి మా అమ్మకు, చెల్లెళ్లకు తెలుసు. అత్తయ్యకు చెప్పలేదు. బిడ్డకు ఊహ వచ్చాక మేమే చెబుతాం, ముందు బిడ్డకే తెలియాలని ఇద్దరం అనుకున్నాం. మూడో నెల చివర్లో ఎన్‌టీ స్కాన్‌కు, డబుల్ మార్కర్ రక్తపరీక్షకు వెళ్తే అత్తయ్య కూడా వచ్చింది. అక్కడ ఫారంలో తల్లి వయసు రాయాలి. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తగ్గే లోపం) ఉండే అవకాశాన్ని ఆ వయసును కూడా బట్టి లెక్కేస్తారు: నలభైకైతే దాదాపు వందలో ఒకటి, పాతికకైతే పన్నెండు వందల్లో ఒకటి. దాత అండమైతే రాయాల్సింది నా వయసు కాదు, ఆమె వయసు. లేకపోతే లెక్క తప్పొచ్చి, అక్కర్లేని ఉమ్మనీటి పరీక్ష దాకా తీసుకెళ్తుంది. ఈ విషయం ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు, ఫారం నింపుతూ నాకే అనుమానమొచ్చి అడిగాను. మా ఆయన వాళ్లమ్మను టీ తాగుదామని కిందికి తీసుకెళ్లారు, నేను ల్యాబ్ అమ్మాయికి మెల్లగా చెప్పాను. ఆమె చాలా మామూలుగా తలూపి, ఇంకో గడి చూపించి రాయమంది. మీకూ ఆ రోజు వస్తే ముందు రోజే ల్యాబ్‌కు ఫోన్ చేసి చెప్పుకోండి, దాత వయసు రాసిన కాగితం ఆసుపత్రి నుంచి తీసుకుని దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు ఐదో నెల. సెప్టెంబరు స్కాన్‌లో అంతా బాగుందన్నారు. నలభై కాబట్టి బీపీ పెరగకుండా రోజూ చిన్న డోసు ఆస్పిరిన్ వేసుకుంటున్నాను, సుగరు పరీక్ష వచ్చే నెల మళ్లీ ఉంది. కాన్పు డేట్ ఫిబ్రవరి రెండో వారం ఇచ్చారు. మిగిలిన రెండు పిండాలను దాచి ఉంచడానికి ఏడాదికి పదిహేను వేలు. చట్టం ప్రకారం పదేళ్ల దాకా ఉంచుకోవచ్చు. వచ్చే మే నెలలో మళ్లీ కట్టాలి, కట్టేలోపు వాటి సంగతి మాట్లాడుకోవాలి.